ఓవెన్ బటన్ తిప్పేదెవరు

ఎనిమిది సాంచాలు ఒంటిచేత్తో నడిపే మొనగాడు సంపత్. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు గానీ, ఏ మూలనున్న సాంచా మీద దారం తెగినా సంపత్‌కు తెలిసిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు కార్ఖానా సావుకారి అతన్నే చూపించి నేర్చుకోమంటాడు. అంతటి పనిమంతుడికి ఇంట్లో ఒక్కటంటే ఒక్క బటన్ తిప్పడం చేతకాలేదట. చేతకాలేదో, చేయబుద్ధి కాలేదో మీరే తేల్చండి.

అతని భార్య ఉమారాణి. ఊరి బయట చొక్కాలు కుట్టే కంపెనీలో ఆరేళ్లుగా మిషన్ మీద పనిచేస్తోంది. ఆమె లైన్‌ను, అంటే ఆమె కూర్చునే మిషన్ల వరసను, చూసుకునే సూపర్‌వైజర్ మానేసి వెళ్లిపోతే, కంపెనీ మేడం ఉమారాణిని పిలిచి, ఇకనుంచి నువ్వు చూసుకుంటావా అని అడిగింది. అంత పెద్ద లైన్‌లో అడిగింది ఈమెనొక్కదాన్నే. పని కొత్తది కాదు. అందరూ వెళ్లాక కాసేపు ఆగి, మర్నాటి పని సర్దిపెట్టి రావాలి. ఆరున్నరకు ఇల్లు చేరే మనిషి ఎనిమిదికి చేరుతుంది. ఏ సంగతో శుక్రవారం కల్లా చెప్పమంది మేడం.

ఉమారాణి ఆ రోజు ఆటోలో ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పెళ్లయిన నాటినుంచి ఆమెను ఎవరూ దేనికీ నువ్వే కావాలని అడగలేదు. గడప లోపల కాలు పెట్టగానే చెప్పేసింది. భార్యకు ఇంత పేరు వచ్చిందని తెలిసి సంపత్ అడిగిన మొట్టమొదటి మాట ఏమిటనుకున్నారు?

"మరి రాత్రి బువ్వ ఎవలు వండుతరు?"

అదీ వరస. పొద్దున ఆరింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, దివాన్ మీద ఒరిగి ఫోన్ చూసుకునే మనిషి అడిగిన మాట అది. ఎవలు వండుతరట! ఆ గంటన్నరలో తన చేతులకేమైనా పుండ్లు లేచాయా అని ఎవరూ అడగకూడదు. అడిగితే, పగలంతా నిలబడి నిలబడి వచ్చిన నన్నే అంటావా అంటాడు. మరి ఉమారాణి పగలంతా పట్టెమంచం మీద పడుకుని వస్తోందా?

ఇంట్లో ఇంకో మనిషి సంపత్ తల్లి రాజక్క. ఉమారాణి బిడ్డ మెట్‌పల్లి గురుకులంలో చదువుకుంటోంది కాబట్టి ఇప్పుడు ఉన్నది ఈ ముగ్గురే. రాజక్క జీవితమంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. మోకాళ్లు పట్టేశాయి. పొయ్యి దగ్గర నిలబడలేదు. పైగా షుగరు. ఏడింటికి కడుపులో ఇంత పడకపోతే కళ్లు తిరుగుతాయి. ఆమెను వండమనడానికి ఉమారాణికి నోరు రాలేదు.

దారి చూపించింది పక్క మిషన్ మమతారాణి. ఆమె పుట్టి పెరిగింది గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ల వంటలన్నీ చూసిన మనిషి. "మీ ఇంట్ల ఓవెన్ ఉన్నది గద" అంది. ఉంది. ఇంట్లోకి దిగిన రోజు ఉమారాణి చెల్లెలు తిరుమల బహుమతిగా ఇచ్చింది. రెండేళ్లుగా దాని మీద కుట్టుపని గుడ్డ కప్పి, ప్లాస్టిక్ పూల కుండీ పెట్టి పూజించడమే తప్ప వాడింది లేదు. దానిలో పాస్తా చేయమంది మమతారాణి. పొద్దున్నే ఒక ట్రేలో పాస్తా పోసి, ఉల్లిగడ్డ, టమాట, క్యారెట్, క్యాప్సికం సన్నగా తరిగి వేసి, ఉప్పు, కారం, కొంచెం గరం మసాలా చల్లి, పాలూ నీళ్లూ మునిగేదాకా పోసి, పైన చీజ్ తురిమి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పొయ్యి వెలిగించక్కర్లేదు. ముందుగా ఉడకబెట్టి వార్చక్కర్లేదు. సాయంత్రం ట్రే తీసి ఓవెన్‌లో పెట్టి బటన్ తిప్పితే అరగంటలో దానంతటదే అవుతుంది. తోమాల్సింది కూడా ఆ ఒక్క ట్రేనే.

ఆదివారం చేసి చూసింది. మొదట రాజక్క, గిదేం తిండి బిడ్డా, పురుగుల లెక్కున్నది అంది. తర్వాత మామిడికాయ తొక్కు నంజుకుని పళ్లెం ఖాళీ చేసి, మెత్తగున్నది, నా పండ్లకు మంచిగున్నది అంది. సంపత్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. ట్రే అంచులకంటిన చీజ్‌ను గరిటెతో గీకి మరీ తిన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నచ్చలేదనడానికి వీల్లేకుండా చెబుతున్నాను.

తిన్నాక పళ్లెంలోనే చేయి కడుక్కుంటూ షరతు పెట్టాడు. తిండి టైముకు పడితే ఆ పని ఒప్పుకో, లేకుంటే లేదు. గురువారం ఒకరోజు చూద్దామన్నాడు. ఉమారాణి సరేనంది. మేడం కూడా గురువారమే ఆమెను లైన్ చూసుకోమంది, ఎలా చేస్తుందో చూడటానికి. అంటే ఒకే రోజు రెండు పరీక్షలన్నమాట. మగవాడికి ఇలాంటి రోజు ఎప్పుడైనా వచ్చిందా అని నాకొక అనుమానం.

గురువారం తెల్లారకముందే లేచి ట్రే సిద్ధం చేసింది. ఓవెన్‌ను గట్టు మీదికి దించి ప్లగ్ పెట్టింది. ఓవెన్‌కు రెండు బటన్లు. ఏది ఎక్కడిదాకా తిప్పాలో ఎవరూ తికమక పడకూడదని తన నుదుటి బొట్టుబిళ్లల అట్ట తెచ్చి, సరిగ్గా తిప్పి ఆపాల్సిన చోట ఒక్కో బిళ్ల అంటించింది. రాజక్కకు చూపించింది. సంపత్‌కు చూపించింది. సాయంత్రం ఆరున్నరకు కంపెనీలో లైన్ మధ్య నిలబడి ఫోన్ చేసి మళ్లీ చెప్పింది. సరే సరే అన్నాడు సంపత్.

ఆ సరే సరే నమ్మి ఉమారాణి నిశ్చింతగా పని చేసింది. ఒక్క చొక్కా వెనక్కి రాలేదు. కొత్తగా చేరిన పిల్లకు కాలరు తిరగేయడం నేర్పింది. వెళ్లేముందు మేడం వచ్చి చూసి, రేపు నీ మాట కోసం చూస్తుంటాను అంది. ఆటోలో వస్తూ ఉమారాణి తనలో తనే నవ్వుకుంది. వీధి మలుపులో దిగి, చీజ్ వాసన వస్తోందా అని ముక్కుతో వెతికింది. రాలేదు. పక్కింటివాళ్ల పచ్చిపులుసు పోపు వాసన తప్ప ఏదీ రాలేదు.

లోపలికి వెళ్లి చూస్తే ఓవెన్ చల్లగా ఉంది. ట్రే ఫ్రిజ్‌లోంచి కదలనేలేదు. కరెంటు పోయిందేమో అనుకోవడానికి లేదు, నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఓవెన్ ప్లగ్ ఊడబీకి కింద పడేసి ఉంది. ఆ సాకెట్‌లో సంపత్ ఫోన్ చార్జింగ్ అవుతోంది. వైరు చాలినంత దూరంలో దివాన్ మీద వాలి అతను ఆ ఫోన్ చూస్తున్నాడు. రాజక్క గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన ఖాళీ బిస్కెట్ ప్యాకెట్.

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, సంపత్ ఏవో చెప్పాడు. ఎటు తిప్పాలో యాదికి లేదన్నాడు. కొత్త మిషను, ఏమన్న అయితే ఎట్ల అన్నాడు. ఉమారాణి ఒక్క క్షణం తన తప్పేమోనని కూడా అనుకుంది, ఆ పిచ్చితల్లి. సరిగా చెప్పలేదేమో, ఇంకోసారి ఫోన్ చేసి ఉండాల్సిందేమో అనుకుంది. అప్పుడు సంపత్ ఫోన్ పక్కన పెట్టి, తీర్పు చెప్పే పెద్దమనిషిలా లేచి కూర్చున్నాడు.

"సూసినవా? ఒక్కనాడు నువ్వు లేటైతెనే ఇల్లు గిట్లున్నది. ఇగ రోజు ఎట్లెల్లుతది? రేపు ఆ పని వద్దని చెప్పు మేడానికి."

రాజక్క దగ్గింది. కొడుకు వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ చెప్పింది.

"నేను తిప్పపోయిన బిడ్డా. మెల్లగ లేచి ఆడిదాంక పోయిన గూడ. వీడే వద్దన్నడు. ఉండనియ్యి అవ్వా, అదొచ్చి సూడాలె అన్నడు. ప్లగ్గు గుంజి ఫోన్ వెట్టుకున్నడు."

ఉమారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. మరిచిపోయిన మనిషిని క్షమించవచ్చు. చేతకాని మనిషికి నేర్పించవచ్చు. కావాలని తిండి ఆపి, షుగరున్న కన్నతల్లికి రెండు బిస్కెట్లు పడేసి, పెళ్లాం ఓడిపోవడం చూడటానికి ఆకలితో కాచుకుని కూర్చున్నవాణ్ని ఏమనాలి? పన్నెండేళ్లుగా పొద్దునా రాత్రీ వండిపెట్టిన చేతులివి. జ్వరంలో వండింది. బాలింతగా వండింది. అతను సాంచా మీద చేయి నలగ్గొట్టుకున్నప్పుడు ముద్దలు చేసి నోట్లో పెట్టింది. దానికి బదులుగా ఆమె అడిగింది ఒక్కసారి బటన్ తిప్పమని. బొట్టుబిళ్ల అంటించి మరీ అడిగింది.

ఆమె అరవలేదు. అరిస్తే, ఆడదానికి ఇంత నోరా అని దానిమీదకు మాట మళ్లుతుందని ఆమెకు తెలుసు. సంపత్ ఫోన్ చార్జర్ ఊడబీకి, ఆ ఫోన్‌ను అతని ఒళ్లోకి విసిరింది. ఓవెన్ ప్లగ్ పెట్టింది. తన ఫోన్ తీసి, ఇద్దరూ వింటుండగా మేడానికి కలిపింది.

"మేడమ్, నేను ఉమను. రేపటి సంది లైన్ నేనే సూస్కుంట."

సంపత్ ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు తిరగలేదు. ఫ్రిజ్‌లోంచి ట్రే తీసి మూత తెరిచింది. పొద్దుటినుంచి పాలలో నానిన పాస్తా తెల్లగా ఉబ్బి, చల్లగా, జిగటగా ఉంది. గరిటెడు తీసి పళ్లెంలో వేసి, ఒక చెంచా గుచ్చి, తీసుకెళ్లి సంపత్ ముందు పెట్టింది. పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు పైన కనపడుతున్నాయి.

"గిదేంది?" అన్నాడు.

"నువ్వు ఎట్ల ఉంచినవో గట్లనే పెట్టిన. తిను."

మిగతాది ఓవెన్‌లో పెట్టి రెండు బటన్లూ తిప్పింది. అత్తకు ఒక అరటిపండు ఒలిచి చేతిలో పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. సంపత్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నమల్లేక, ఉమ్మలేక, మింగాడు. తర్వాత చీజ్ కరిగిన వాసన ఇల్లంతా నిండింది. అతని గొంతు ఒకసారి గుటకవేయడం ఉమారాణికి వినపడింది. జాలి వేయలేదు. వేయలేదంటే వేయలేదు.

ట్రే బయటికి తీసి రెండు పళ్లాల్లో పెట్టింది. ఒకటి రాజక్కకు, తొక్కుతో సహా. ఒకటి తనకు. మిగిలింది రేపు మధ్యాహ్నం డబ్బాలోకని మూత పెట్టేసింది. రాజక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కొడుకు పళ్లెం వైపు చూసి, తల తిప్పుకుంది. నా కొడుక్కు కూడా ఇంత పెట్టు అంటుందేమో అనుకుంది ఉమారాణి. రాజక్క అనలేదు. ఇంకొంచెం తొక్కు అడిగింది, అడిగి, నువ్వు లేవకు, నేనే తీస్కుంట అని సీసా కోసం చేయి చాపింది.

చాలాసేపటికి సంపత్ పళ్లెం పట్టుకుని లేచాడు. అందులోది ఒక స్టీలు గిన్నెలోకి తోడాడు. ఓవెన్ తలుపు తీయబోయి చేయి కాల్చుకుని, గుడ్డ వెతుక్కుని, గిన్నె లోపల పెట్టాడు. బటన్ల ముందు వంగి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి ఉమారాణిని చూశాడు. ఆమె వేడివేడిగా తింటోంది, తల ఎత్తలేదు. అతనే ఒక బటన్ తిప్పాడు, తర్వాత రెండోది. ఎవరూ మళ్లీ చెప్పకుండానే రెండూ సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగాయి.

అలాగే అటు తిరిగే, ఓవెన్‌కు చెబుతున్నట్టు అడిగాడు.

"రేపు ఎన్నిటికొస్తవ్?"

"ఎనిమిదైతది" అంది ఉమారాణి. "అవ్వకు ఏడింటికే ఆకలైతది. ఆరున్నరకే తిప్పు."