దస్తీ వేసిన సీటు

"దుకాణం తాళం ఇటియ్యి పిల్లా. మిషిన్ తిరగదు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

రామ్‌దాస్ చెయ్యి చాచి నిలబడ్డాడు. అఖిల ఆ చేతి వైపు చూడనైనా లేదు. ఆమె కళ్లు కంప్యూటర్ తెర మీదే ఉన్నాయి. 'పోర్టు దొరకలేదు' అని పొద్దుటి నుంచీ అదే మాట చెబుతోంది అది.

బోధన్ బస్టాండు ఎదుట ఉన్న ఆ చిన్న మడిగెలో బళ్లకు రేడియం అక్షరాలు కత్తిరిస్తారు. అఖిల మొదట రామ్‌దాస్ దగ్గర జీతానికి చేసింది. పోయినేడు అతని పాత కట్టింగ్ మిషన్నూ, దాన్ని నడిపే కంప్యూటర్‌నూ కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టింది. అతను రోడ్డవతల కొత్త దుకాణం తెరిచాడు. మడిగె కిరాయి కాగితం మాత్రం తన పేరు మీదే ఉంచుకున్నాడు. అద్దం మీద 'రామ్‌దాస్ రేడియం' అన్న ఎర్ర అక్షరాలనూ తియ్యనివ్వలేదు.

మిషన్ కేబుల్ మాత్రం అతను ఇవ్వలేదు, అది లేక మిషన్ మాటిమాటికీ మొరాయించేది. రామ్‌దాస్ వచ్చి, జేబులోంచి తన కేబుల్ ఒకటి తీసి గుచ్చితే చాలు, కదిలేది. పని కాగానే కేబుల్ మళ్లీ జేబులోకి పోయేది. "లాక్ ఏసిన. నేను తప్ప ఎవ్వడు తియ్యలేడు" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు భరించలేకే ఈసారి అఖిల నిజామాబాద్ పోయి సొంత కేబుల్ తెచ్చుకుంది. అది గుచ్చితే ఇదీ సంగతి.

చెరుకు సీజన్ మొదలైంది. వెనక రేడియం లేని ట్రాలీని రోడ్డెక్కనిచ్చేది లేదని అధికారులు గట్టిగా చెప్పారు. ఫ్యాక్టరీకి చెరుకు తోలించే గంగమణికి, తన ట్రాలీలన్నిటికీ ఇవాళే అక్షరాలు కావాలి.

"గంగమణక్క పని నీతోని కాకుంటే మడిగె నాది. రేపటి సంది మళ్ల నా దగ్గర జీతానికి రా" అన్నాడు రామ్‌దాస్.

"అయితే?"

"ఏందీ?"

"నాతోని అయితే ఏం జేస్తవన్నా?"

రామ్‌దాస్ పకపకా నవ్వాడు. "అయితే కిరాయి కాగితం నీ పేరు మీదికి మార్పిస్త. అద్దం మీది నా పేరు నేనే పీకుత. సరేనా?"

"సరే."

అన్నాక గానీ పందెం ఎంత పెద్దదో తోచలేదు. కానీ అన్న మాట అనేసింది.

అప్పుడే గంగమణి చెమటలు కక్కుతూ మెట్లెక్కింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "థూ, ఏం మనుషులే! నిజామాబాద్‌ల బస్సెక్కితే, సీటు ఆపుకోను ఎవడో మొకం తుడుసుకునే దస్తీ ఏసిపోయిండు. మనిషి లేడు, ఉత్త దస్తీ! వస్తడు వస్తడని ఎడపల్లి దాంక నిలవడే వచ్చిన. ఆడు ఎక్కనే లేదే! దస్తీ తీసి కిటికీల నుంచి ఇసిరికొట్టి కూసున్న. గదీ, నా అక్షరాలు ఏవి బిడ్డా?"

అఖిల చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

మనిషి లేడు. ఉత్త దస్తీ.

ఆమె పరికరాల పట్టిక తెరిచింది. తన కేబుల్‌కు కంప్యూటర్ ఇచ్చిన పోర్టు నంబరు ఏడు. కట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆరు దాకానే ఉన్నాయి. మరి ముందు నంబర్లు ఎవరివి? వాటిలో ఒకటో నంబరు మాత్రమే పట్టికలో కనిపిస్తోంది, అది కంప్యూటర్ సొంతానిది. పైన మెనూలో 'దాచిన పరికరాలు చూపించు' అన్న చోట నొక్కింది.

రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. వెలిసిపోయిన రంగులో అయిదూ బయటపడ్డాయి. ఏ ఒక్కదానికీ కేబుల్ లేదు. ఆ కేబుళ్లన్నీ రోడ్డవతల రామ్‌దాస్ దుకాణంలో ఉన్నాయి. ఒక్కోసారి ఒక్కో కేబుల్ గుచ్చి, దానితో ఒక నంబరు ఆపుకుని పోయాడు.

"నీ లాక్ ఇదేనా అన్నా?" అంది అఖిల, తల తిప్పకుండానే.

రామ్‌దాస్ నవ్వు ఆగింది. "వాటి జోలికి పోకు! పీకినవంటే కంప్యూటరే లేవదు. మల్ల నా కాళ్లు పట్టుకున్నా రాను."

నిజమైతే? మిషన్ పోతుంది, మడిగె పోతుంది, మళ్లీ అతని కింద జీతం. అఖిల పట్టికను ఇంకోసారి చూసింది. ఒకటో నంబరు ముదురు రంగులో ఉంది. అది బతికున్నది, దాన్ని ముట్టుకోదు. తన కేబుల్ ఊడబీకింది. చూస్తుండగానే ఏడో నంబరు కూడా మిగతావాటిలాగే వెలిసిపోయింది.

చాలు. వెలిసిపోయిందంటే కేబుల్ లేదనే, తీసేస్తే నష్టం లేదు.

రెండు నొక్కి తీసేసింది. మూడు. నాలుగు. "ఏయ్, ఆగు!" రామ్‌దాస్ ముందుకొచ్చాడు. గంగమణి స్టూలు జరిపి అతనికీ బల్లకూ మధ్య కూర్చుంది. "ఆగయ్యా, పిల్ల పని జేస్తుంది గద. నీకేం తొందర?"

అయిదు. ఆరు. ఏడు. అన్నీ పోయాయి.

అఖిల కేబుల్ మళ్లీ గుచ్చింది. టింగుమంది కంప్యూటర్. కొత్త నంబరు పడింది. రెండు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు ఎంచుకుని కట్ నొక్కింది. ఏమీ కాలేదు. రామ్‌దాస్ పెదవి విచ్చుకోబోయింది. అంతలో కట్టర్ తల గిర్రున కదిలి, షీటు సరసరా వెనక్కీ ముందుకూ జారింది. 'చెరుకు ట్రాలీ, దూరంగా రండి' అన్న అక్షరాలు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి.

"గంతేనా?" అంది గంగమణి.

"గంతే అక్కా. ఎక్కనోళ్ల దస్తీలు తీసేసిన."

రామ్‌దాస్ గుమ్మం వైపు జరిగాడు. అఖిల సొరుగులోంచి హెయిర్ డ్రయ్యర్ తీసి అతని ముందు పెట్టింది.

"అద్దం మీది నీ పేరు ఉత్తగ గోకితే రాదన్నా. ఎండకు పట్టేసింది. వేడి తగిలితే లేస్తది. కాగితం సంగతి రేపు ఓనర్ దగ్గర చూద్దాం."

"పిల్లా, ఎక్కువ చేస్తున్నవ్."

"మాట నువ్వే ఇచ్చినవ్, మెట్లెక్కుతుంటె నేనిన్న" అంది గంగమణి, కాలు మీద కాలు వేసుకుని. "నా ట్రాలీల డ్రైవర్లు అందరు వస్తున్నరు. వాళ్ల ముంగట పీకుతవా, ఇప్పుడే పీకుతవా?"

రామ్‌దాస్ డ్రయ్యర్ అందుకున్నాడు.

అద్దం మీద మొదటి అక్షరం అంచు లేచేసరికి అఖిల తెర మీద కొత్త ఫైలు తెరిచి తన పేరు కొట్టింది.

"ఎంత సైజు పెడ్తవ్ బిడ్డా?" అంది గంగమణి.

"అద్దం ఎంతుంటే అంత."