రిబ్బను కట్టిన స్విచ్చి

నేను ఒక ఏరియేటర్‌ను. అంటే నీళ్ళను చిలికి వాటికి గాలి అందించే యంత్రాన్ని. ఎక్కడో ఒక ఇనుప షెడ్డులో పుట్టి, లారీ ఎక్కి, గోదావరి జిల్లాలోని ఓ చిన్న పట్టణపు మురుగు శుద్ధి కేంద్రంలో దిగాను. పన్నెండేళ్ళు ఆ ఊరి మురుగును చిలికాను. పెద్దమనుషులు నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు ముక్కు మూసుకునేవారు, ఆ మురుగు తమ ఇళ్ళ నుంచి రాలేదన్నట్టు. తర్వాత ఊరవతల కొత్త కేంద్రం కట్టి మా దానికి తాళం వేశారు. ఆరేళ్ళు తుప్పు పట్టాను.

ఆ తాళం తీయించింది కామాడి మాసేనమ్మ. సముద్రంలో వేట సాగక కుదేలైన ముప్ఫై కుటుంబాల ఆడవాళ్ళ సంఘానికి ఆవిడ పెద్ద. మా తొట్లలో చేపలు పెంచుకుంటామని రెండేళ్ళు మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఒక్క ఏడాదికి లీజు ఇచ్చారు. మొదటి పంట బాగుంటేనే పొడిగిస్తామన్నారు. ఆడవాళ్ళు తొట్టి అడుగు గోకి, సున్నం కొట్టి, ఎండబెట్టి, మూడుసార్లు నింపి తోడిపోసి, నీళ్ళు పరీక్ష చేయించాకే చేపపిల్లలను వదిలారు.

మాసేనమ్మ నాకు గ్రీజు పెట్టి, పసుపు రంగు వేసి, "ముసలోడా, ఇకనుంచి మంచినీళ్ళు చిలుకుదువుగాని" అంది. అంత ఆప్యాయంగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఎనిమిది నెలలు ఆగకుండా తిరిగాను. శీలావతి, బొచ్చె చేపలు ఒక్కొక్కటీ కిలోకి దగ్గరపడ్డాయి.

అప్పుడు ఆఫీసుకు ప్రారంభోత్సవం గుర్తొచ్చింది. ముఖ్య అతిథి వచ్చి, స్విచ్చి నొక్కి, నన్ను ప్రారంభిస్తారట. నడుస్తున్నదాన్ని ఎలా ప్రారంభిస్తారన్న ధర్మసందేహం కేంద్రం బాధ్యత చూసే ఇంజనీరు ఏఈ గారికి ఆ ఉదయమే కలిగింది. తొమ్మిదింటికి నన్ను ఆపించి, స్విచ్చిబోర్డుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టించారు. నాకు బంతిపూల దండ వేయించారు.

ఆ రోజు మబ్బు పట్టింది. మబ్బు రోజున నీళ్ళలో గాలి తగ్గిపోతుందని చేపలు పెంచేవాళ్ళందరికీ తెలుసు.

"అయ్యగారండీ, గంట దాటితే చేప ఆగదండి. ఆయన కారు కనపడ్డాక ఆపేద్దురుగాని, అందాకా తిరగనివ్వండి," అంది మాసేనమ్మ.

"దార్లో ఉన్నారమ్మా. ఆయనొచ్చేసరికి ఇది గిర్రున తిరుగుతుంటే నా పరువేం కాను?"

పదకొండయింది. అతిథి ఇంకా దారిలోనే ఉన్నారు. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి.

"చూశారా, సార్ని చూడ్డానికి చేపలు కూడా వచ్చేశాయి," అన్నారు ఏఈ గారు. నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా రెక్కల కిందే ప్రాణాలు పోతుంటే దండ వేసుకుని ఊరికే నిలబడటం కంటే ఆ పాత మురుగే నయమనిపించింది.

పన్నెండున్నరకు మొదటి బొచ్చె వెల్లకిలా పడింది. మాసేనమ్మ ఇక ఎవరినీ అడగలేదు. చేపలు కోసే కత్తితో రిబ్బను తెంచి స్విచ్చి వేసింది. నేను దండ తెగిపోయేలా తిరిగాను. అప్పటికే ఊపిరందక సొమ్మసిల్లినవి తేరుకోలేదు, సగం చేపలే బతికాయి. మూడింటికి అతిథి గారి నుంచి ఫోను వచ్చింది, ఇవాళ వీలుపడదని.

ఇంత నష్టం జరిగాక తప్పు ఎవరో ఒకరిది కావాలి కదా. అతిథిది కాదు, ఏఈ గారిది అసలే కాదు. పాత యంత్రం మొరాయించడం వల్ల చేపలు చనిపోయాయని ఏఈ గారే కాగితం రాసుకొచ్చి, దాని మీద సంతకం పెడితేనే లీజు పొడిగిస్తామన్నారు.

"అది మొరాయించలేదండి. మీరు ఆపారండి," అంది మాసేనమ్మ.

"ఇనప ముక్కకు పోయేదేముందమ్మా?" అన్నారు ఏఈ గారు.

ముప్ఫై కుటుంబాలను తలుచుకుని ఆవిడ సంతకం పెట్టింది. తర్వాత నా దగ్గరకొచ్చి, "తప్పు నోరున్నోళ్ళ మీద పెట్టలేకపోయాన్రా ముసలోడా, నీ మీద పెట్టేశాను," అంది. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు.

ఇప్పుడు ప్రహరీ పక్కన తుక్కులో ఉన్నాను. నా మోటారు ఇప్పటికీ తిరుగుతుంది, అడిగేవాళ్ళే లేరు. నా చోట కొత్త యంత్రం బిగించి పదిహేను రోజులైంది. అతిథి గారు తేదీ ఇంకా ఇవ్వలేదట. అందాకా ముట్టుకోవద్దని స్విచ్చిబోర్డుకు మళ్ళీ రిబ్బను కట్టారు. ఈ పూట కూడా మబ్బే. మాసేనమ్మా మిగతా ఆడవాళ్ళూ తొట్టి చుట్టూ నిలబడి, చేపలకు గాలి అందేలా గెడలతో నీళ్ళను కొడుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.