భాగ్య చెప్పిన నంబర్

భాగ్యకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. అక్క ఆశా ఒకనాడు గదిలకు పోయి లోపల గడియ పెట్టుకుంటది, ఇగ తియ్యది.

ఉత్తగనే పుట్టిన భయం కాదది. పోయినేడు ఒకసారి అయింది. ఆశా పుణెల పోస్ట్‌డాక్. అంటే పీహెచ్‌డీ అయినంక, పక్కా నౌకరి దొరికేదాక, రెండేండ్లకొక తావున చేసే పని. లోకం పుట్టిన మొట్టమొదటి క్షణంల అంతా ఒక్కసారే ఉబ్బిందట. ఆ ఉబ్బుడుకు లేచిన అలల జాడ, ఆకాశమంత పరుచుకున్న పాత వెలుగుల ఇంకా ఉన్నదా లేదా అని వెతుకుడే ఆమె పని. పోయినేడు దొరికిందనుకున్నరు. తీరా చూస్తే అది చుక్కల నడుమ తేలే దుమ్ము. ఆ దినం ఆశా మెదక్‌ల చెల్లె ఇంట్లనే ఉండె. పొద్దుగాల తలుపు పెట్టుకున్నది, పొద్దుమీకినా తియ్యలే. భాగ్య మొగడు మల్లేశ్ గడియ ఊడగొడితే, గోడకు ఆనుకొని కూసున్నది.

"దుమ్మే భాగ్యా. ఏడేండ్లు దుమ్ము చూసిన."

"గంతేనా? నేను రోజు ఊడుస్త," అని భాగ్య నవ్వించబోయింది. అక్క నవ్వలే.

ఈ ఎండకాలం ఆశా మళ్లొచ్చింది. పోస్ట్‌డాక్ ఇంక నెల రోజులే ఉన్నది. ఈసారి లెక్క వేరే తీరుగ చేస్తున్నరు. మనిషికి ఏం రావాలని ఉంటే లెక్క గా దిక్కే ఒంగుతదట. గందుకని జవాబును తమకే కనబడకుండ దాచుకుంటరు. ఈ పని తెలువనోళ్లు ఎవరో ఒక నంబర్ అనుకొని కంప్యూటర్‌ల వేస్తరు, మెషిన్ దాన్ని జవాబుల కలిపేస్తది. పని మొత్తం అయిపోయి అందరు సరే అన్నంకనే ఆ నంబర్ తీసేస్తరు. మిగిలిందే నిజం.

"నువ్వెయ్యి," అని ల్యాప్‌టాప్ చెల్లె ముందట పెట్టి, ఆశా గోడ దిక్కు తిరిగింది. "వంద లోపల. నాకు చెప్పకు. కాయితం మీద రాసి దాచిపెట్టు."

ఆ దినం భాగ్య మనసుల ఉన్న నంబర్ ఒక్కటే. పొద్దున్నే అంగన్‌వాడీల బిడ్డ లాస్యను కొలిచిన్రు. ఎనభై ఒక్క సెంటీమీటర్లు. రెండేండ్లు దాటిన పిల్లకు తక్కువేనని టీచరమ్మ కార్డు మీద ఎర్ర పెన్నుతోని గీసింది. భాగ్య 81 కొట్టింది. కాయితం కందిపప్పు డబ్బల పెట్టింది.

మూడు వారాలు ఆశా ల్యాప్‌టాప్ మీదికెల్లి తలెత్తలే. భాగ్య అత్త వజ్రమ్మ వాకిట్ల విసనకర్ర ఊపుకుంట గులిగేది. "లోకం ఎట్ల పుట్టిందో చెప్తదట మీ అక్క. ముందుగాల గా కరెంట్ ఎప్పుడొస్తదో చెప్పుమను."

"గది నాతోని కాదత్తమ్మా, గంత పెద్ద సైంటిస్టును కాదు," అన్నది ఆశా లోపలికెల్లే. ఆ వారాలల్ల ఇంట్ల అందరు నవ్వింది గప్పుడొక్కటే.

నంబర్ తీసేసే దినం వచ్చింది. బేస్తవారం, పదకొండు గంటలు. స్క్రీన్ మీద 84 ఉన్నది.

"నీ నంబర్ తీసేస్తే ఐదు లోపల మిగిలితే, ఏం లేనట్టే," అన్నది ఆశా. "ముప్పై దాటితే..." మాట ఆపుకున్నది. "ఏం లేదన్నా పేపర్ రాస్తం. కానీ సున్నాకు ఎవ్వరు నౌకరియ్యరే."

ఎనభై నాలుగుల ఎనభై ఒకటి పోతే మూడు. గా లెక్కకు భాగ్య చదువు చాలు. తల్లిగారూరు కుల్చారంల అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు, ఇద్దరిల ఒకరు ఇంట్ల ఉండాలె అన్నరు. అక్క తెలివైంది, అక్కకు పరీక్షలున్నయ్. భాగ్య ఇంటర్ మొదటేడే ఇడిచిపెట్టింది. ఇన్నేండ్లు బాధ కాలేదు, అక్క లోకం పుట్టుక చూస్తున్నది కదా అనుకున్నది. ఇప్పుడు ఇద్దరి చదువుకు కలిపి మూడు మిగిలింది. పప్పు డబ్బలకెల్లి తీసిన కాయితాన్ని పిడికిట్ల ముడిచింది.

"చెప్పవేందే?"

"యాభై ఒకటి," అన్నది భాగ్య.

ఆశా స్క్రీన్ దిక్కు చూసింది. ముప్పై మూడు. చెల్లె దిక్కు చూసింది. లాస్యను ఎత్తుకొని గిర్రున తిరిగింది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలుస్తలేదు. "లాస్యా, దొరికిందే! లోకం మొదలు దొరికిందే!" కంప్యూటర్‌ల దాచిన నంబర్‌తోని సరిచూసుకున్నంకనే ఎవరికన్నా చెప్పాలె, పద్ధతి అది. ఆగలేకపోయింది. తనతోని పనిచేసేటోళ్ల గ్రూపుల ముందుగాలే మెసేజ్ పెట్టింది. ఎనిమిదేండ్లల ఆమె పద్ధతి తప్పింది గదొక్కసారే.

తర్వాత ఫైల్ తెరిచింది. 81.

"యాభై ఒకటి అన్నవు కదనే?"

భాగ్య పిడికిలి ఇప్పింది.

"ఎందుకు?"

"నువ్వు నవ్వుతవని."

తిడితే మంచిగుండు. ఆశా లాస్యను మెల్లగ కిందికి దించింది. "నవ్విన కదా," అన్నది.

గ్రూపుల కూడ ఎవ్వరు తిట్టలే. 'సరిచూసుకోవాల్సింది' అని పెద్దసారు ఒక్క ముక్క రాసిండు. ఇగ ఆమె పేరు మీద ఎవ్వరేం రాయలే. మూడో దినం ఆశా సంచి సర్దుకున్నది. పుణెల కిరాయి గది ఖాళీ చెయ్యాలన్నది. బస్టాండ్‌ల భాగ్య కిటికీ పట్టుకొని, "గడియ పెట్టుకోకు అక్కా," అన్నది. ఆశా విననట్టే ఫోన్ చూసుకున్నది.

చేరిన అని ఒక మెసేజ్ వచ్చింది. తొమ్మిది దినాల సంది ఫోన్ స్విచ్చాఫ్. ఆమె పనిచేసిన తావుకు చేస్తే, ఆమె టైం అయిపోయిందమ్మా, మాకు తెలువదన్నరు. మల్లేశ్ రేపు పోత, ఎల్లుండి పోత అంటుండు. లాస్యకు జరం. భాగ్య దినానికి ఇరవైసార్లు పోయినేడు గడియ ఊడగొట్టిన తలుపునే చూస్తున్నది, మల్లేశ్ కొత్తది బిగించనే లేదు.

పుణెల పనిచేసుకునే మనోళ్లు మస్తుమంది ఉన్నరు. ఇది చదివేటోళ్లల్ల ఎవరన్నా అక్కడుంటే, యూనివర్సిటీ వెనక గల్లీల స్కూటర్లు బాగుచేసే దుకానం మీద మూడో అంతస్తు, ఆకుపచ్చ తలుపుదే ఆశా గది. జర ఒక్కసారి కొట్టుండ్రి. తీస్తే లెక్క ముచ్చట తియ్యకుండ్రి, భాగ్య పంపిందని చెప్పుండ్రి. లాస్య పెరిగిందా అని అడిగితే నిజమే చెప్పుండ్రి, ఇంకా ఎనభై ఒకటే. తియ్యకపోతే మాత్రం ఆగకుండ్రి, గడియ ఊడగొట్టుండ్రి.