ముగింపు లేని సాక్ష్యం

సంఘం పెట్టిన దగ్గర్నుంచీ దేవదానం పాస్టరుగారికి ఒక్క సంగతి బుర్రకెక్కడం లేదు. కష్టాలున్నవాళ్ల కోసమని పెట్టిన సంఘంలో ఒక్కరికీ కష్టం లేదట.

అవి ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. గాజువాకలో ఆయన మందిరం ఒక తాటాకుల పాక. ప్రతి సోమవారం ఆయనతో కలిపి ముగ్గురు పాస్టర్లు ఒకచోట చేరేవారు. బాప్తిస్మం దగ్గరికొస్తే వాళ్లలో ఒకరు నెత్తిన నీళ్లు చిలకరించే బాపతు, మిగతా ఇద్దరూ నిలువునా ముంచే బాపతు. ఆ ఒక్క విషయం ఎత్తకపోతే ముగ్గురూ మంచి స్నేహితులే. బీదవాళ్లు షావుకారు గుమ్మం తొక్కకుండా ఒకరినొకరు ఆదుకోవాలన్న ఆలోచన వాళ్లదే. ఆడవాళ్లు వంటకు ముందు దేవుడి పేరున తీసిపెట్టే గుప్పెడు బియ్యాన్ని మందిరంలో వేలం వేయడం మానేసి, ఒక పీపాలో పోయాలి. శనివారం సాయంత్రం అందరూ కూర్చుని ఎవరి అవసరం వాళ్లు చెప్పుకోవాలి. బియ్యం కావాలన్నవాళ్లకి బియ్యం, రెక్కల సాయం కావాలన్నవాళ్లకి రెక్కలు.

వినడానికి బాగానే ఉంది. తీరా శనివారం వచ్చేసరికి ఒక్కొక్కరే లేచి చేతులు కట్టుకుని, ఫలానా కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, దేవుడు తీర్చాడు, స్తోత్రం అని కూర్చునేవారు. మిగతావాళ్లు ఆమెన్ అనేవారు. పీపా నిండింది. బియ్యానికి పురుగు పట్టింది. ఆ ముగ్గురిలో ఒకరైన, హార్బరు దగ్గర మందిరం నడిపే జ్ఞానదాసు పాస్టరుని అడిగితే, తన సంఘంలోనూ అందరూ సుఖంగానే ఉన్నారని ఆయనా బుర్ర గోక్కున్నాడు.

ప్రేమలీల కూడా అలాగే లేచింది. మేస్త్రీ తన మొగుణ్ణి పనిలోంచి తీసేశాడనీ, అయినా దేవుడు ఏ లోటూ రానివ్వలేదనీ చెప్పింది. మర్నాడు ఆదివారపు బడిలో పాట పాడుతూ పాడుతూ ఆమె కూతురు కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున్నేం తిన్నావని అడిగితే పిల్ల తల్లి మొహంకేసి చూసి నోరు మూసుకుంది. పాస్టరుగారి భార్య ఫ్లోరెన్స్ ఇంత చోడంబలి, అదే రాగిజావ, తాగిస్తే తేరుకుంది. పీపాలో బియ్యం పట్టుకెళ్లమంటే ప్రేమలీల ససేమిరా అంది. దేవుడు చూసుకున్నాడని నిన్ననే నలుగురిలో చెప్పి, ఈవేళ చెయ్యెలా చాపుతానంది. వచ్చే వారం ఇల్లు ఖాళీ చేసి పద్మనాభం ఊరి వైపు కూలికి పోతామని చెప్పి పిల్లను చంకనేసుకుంది.

దేవదానానికి మతిపోయింది. ఆవిడ అబద్ధమాడిందా, విశ్వాసంతో అందా? విశ్వాసమే అయితే పిల్ల ఎందుకు పడిపోయినట్టు? ఉన్నదున్నట్టు చెప్పుకోడానికి వీళ్లకేం రోగమని ఇంటికొచ్చి విసుక్కున్నాడు.

"మరి శనివారం మీరేటి సెప్పేరు?" అంది ఫ్లోరెన్స్ నెమ్మదిగా. "ఏలీయా ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చినట్టు దేవుడు మనకి తెచ్చి పెడతన్నాడని సెప్పనేదా? అప్పటికే వారం బట్టి మనింట్లో సోడంబలే."

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. కాని తాను అబద్ధమాడినట్టు మాత్రం ఎంతకీ అనిపించలేదు, అదే మరీ అయోమయంగా ఉంది. చిన్నప్పట్నుంచీ విన్న సాక్ష్యాలన్నీ అలాగే ముగిసేవి. తీరని కష్టాన్ని మందిరంలో ఎలా చెప్పాలో ఆయనకూ ఎవరూ నేర్పలేదు.

తరవాతి శనివారం అందరికంటే ముందు తనే లేచాడు. ప్రసంగాల భాష నాలిక చివరిదాకా వచ్చింది గాని, దాంతో ఈ మాట చెప్పడం చేతకాలేదు.

"మా ఇంట్లో బియ్యం నేవు," అని ఊరుకున్నాడు.

జనం ఎదురుచూశారు. ఆయన అలాగే నిలబడ్డాడు. చెప్పడం మరిచిపోయాడేమోనని ముసలి పోతమ్మ అందించబోయింది.

"ఆ తరవాత దేవుడేటి సేసేడు అయ్యగోరూ?"

"ఇంకా ఏటీ సెయ్యనేదు, పోతమ్మా."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరే ఇలా అన్నాక రేపు మందిరానికి ఎవరైనా వస్తారా? దేవదానానికి కూర్చోవాలో, ప్రార్థన చెయ్యాలో తోచలేదు.

ఇంకా ఊరు వదలని ప్రేమలీల వెనకనుంచి లేచింది. ఎవర్నీ అడగకుండా పీపా మూత తీసి, తవ్వెడు బియ్యం కొలిచి ఫ్లోరెన్స్ కొంగులో పోసింది. పురుగులున్నాయి, ఏరుకోమని చెప్పింది. మళ్లీ వంగి తవ్వ నిండా తీసింది.

"మా ఇంట్లోనూ నేవు," అని తన కొంగు పట్టింది.

ఆమె వెనక ఇంకెవరో లేచారు. ఆ వెనక పోతమ్మ లేచింది. ఒక్కొక్కరే వస్తూంటే పీపా అడుగంటసాగింది. ముగింపు ప్రార్థన చేద్దామని చేతులెత్తిన దేవదానం వాటిని దించేసి, తవ్వకి అడుగు బియ్యం అందేలా పీపా ఒంచి పట్టుకున్నాడు.