లడ్డూకి పెట్టిందెవరు

లడ్డూ చెవిలో మందు వేయడానికి రెండు చేతులు చాలవు. ఒక చేత్తో ఆ పొడుగాటి చెవిని పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో చుక్కలు వేయాలి, వేశాక చెవి మొదట్లో నిమిషం సేపు మెల్లగా పిసకాలి, ఆ నిమిషమంతా వాడు తల విదిలించకుండా మోకాళ్ల మధ్య ఇరికించుకోవాలి. ఇదంతా దయావతి పొద్దున్నే ఐదున్నరకి బాత్రూమ్ గడప మీద కూర్చుని ఒక్కతే చేస్తుంది. మూడో చెయ్యి కావాలంటే ఆ ఇంట్లో లేకపోలేదు. భర్త సిలాసు చెయ్యి ఆ వేళకి దిండు కింద ఉంటుంది, కూతురు అనుగ్రహ చెయ్యి దుప్పట్లో ఫోన్ మీద ఉంటుంది.

కుక్కను తెచ్చింది మాత్రం సిలాసే. మూడేళ్ల కిందట కూతురి పుట్టినరోజుకి ఆఫీసు స్నేహితుడి ఇంటి నుంచి ఎత్తుకొచ్చాడు. ఆ రోజు ఫోటోలు ముగ్గురూ దిగారు. ఆ తర్వాత వాడి టీకాలు, గోళ్లు, పొట్ట కింద ఎర్రటి దద్దుర్లు, నాకి నాకి పుండ్లు పడే పాదాలు, నెలకోసారి చెవుల్లోంచి కారే గోధుమరంగు చీము, ఇవన్నీ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే దయావతి వంతుకొచ్చాయి. మందులు వాడితే తగ్గేది, ఆపితే తిరగబెట్టేది. తిరగబెట్టినప్పుడల్లా సిలాసు దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "ఆస్పత్రిలో యాభై బెడ్లు చూసుకుంటావు గదా, ఇంట్లో ఒక్క కుక్క చెవి చూసుకోలేవా?" ఈ మాట చర్చివాళ్లు భోజనానికి వచ్చిన రోజు కూడా అన్నాడు. అందరూ నవ్వారు. దయావతి కూడా నవ్వింది. తనెందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

నోయిడాలో ఓ పెద్ద ఆస్పత్రిలో ఆమె వార్డు ఇన్‌చార్జి. మిగతా సిస్టర్లు చేతులు సరిగ్గా కడుక్కున్నారా లేదా అని చూసి రాసే మనిషి. అలాంటి మనిషి పక్కన నిలబడి ఓ రోజు కొత్తగా చేరిన సాయిసుధ ముక్కు ఎగబీల్చి, "అక్కా, ఏదో పుల్లటి వాసన వస్తోంది కదా?" అంది. దయావతి అటూ ఇటూ చూసి, "డ్రైనేజీ అయ్యుంటుంది" అంది. అది తన స్వెట్టర్ చేతికి అంటిన లడ్డూ చెవి వాసన. ఆ పూట మూడుసార్లు చేతులు కడుక్కుంది, స్వెట్టర్ విప్పి లాకర్లో పెట్టి చలికి వణుకుతూ డ్యూటీ చేసింది.

చివరికి కుక్కల క్లినిక్‌లో డాక్టర్ చాందిని ఒక దారి చెప్పింది. ఇది ఏదో తిండి పడక వచ్చే ఎలర్జీ కావచ్చు, ఎక్కువ అనుమానం కోడిమాంసం మీద. ఎనిమిది వారాలు ఉడకబెట్టిన చేప, చిలగడదుంప తప్ప ఇంకేమీ నోట్లో పడకూడదు. బిస్కెట్ ముక్క పడినా మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సిందే. దయావతి పంతం పట్టింది. డ్యూటీకి వెళ్లేముందే చేప ఉడికించి, ఒక్కొక్క ముల్లూ వేళ్లతో ఏరి, చల్లార్చి, రెండు డబ్బాల్లో సర్దేది. ఏడో వారం క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి మొహం చిట్లించింది. చెవి లోపలి దారి వాచి మూసుకుపోతోందట. ఇలాగే ఉంటే ఆపరేషన్ చేసి ఆ దారినే తీసేయాలట, ఆ తర్వాత వినికిడి ఉండదట. "మేడమ్, ఘర్ మే కోయీ కుఛ్ ఖిలా రహా హై," అంది. ఇంట్లో ఎవరో ఏదో పెడుతున్నారు. అని, ఫైల్లో ఒక ముక్క రాసింది. ఇంటివాళ్లు చెప్పినట్టు చేయడం లేదు, అని. ఆ వాక్యం దయావతికి కొత్త కాదు. చక్కెర మానని రోగుల కాగితాల మీద తనే ఎన్నోసార్లు రాసింది. రాసేటప్పుడు వాళ్ల మొహాలు ఎప్పుడైనా చూసిందా అంటే, చూడలేదు.

ఇంటికొచ్చి అడిగింది. "నేనేం పెట్టలేదు," అన్నాడు సిలాసు, పేపర్లోంచి తల ఎత్తకుండా. "మమ్మీ, గాడ్ ప్రామిస్, మైనే కుఛ్ నహీ దియా," అని తనూ ఏమీ ఇవ్వలేదంది అనుగ్రహ. ఇక మిగిలింది పనిమనిషి కమ్లేష్. ఐదేళ్లుగా ఆ ఇంట్లో చేస్తోంది, లడ్డూ ఆమెను చూస్తే చీపురు కూడా పట్టనివ్వడు. ఒకప్పుడు తన రొట్టెలో ముక్క తుంచి వాడికి వేసేది కూడా. ఆ సంగతి గుర్తురాగానే దయావతికి ఇంకేమీ కనిపించలేదు. మర్నాడు కమ్లేష్ పైకి వస్తుంటే గుమ్మంలోంచే, మెట్ల మీదే, "తూనే ఖిలాయా నా?" అని అరిచింది, నువ్వే పెట్టావు కదే అని. ఢిల్లీ వచ్చిన ఇన్నేళ్లలో ఎవరినీ తూ అని ఏకవచనంతో పిలవని మనిషి. కింది అంతస్తు జానకీదేవి ఆంటీ తలుపు తీసింది, ఎదురింటి తలుపూ తెరుచుకుంది. కమ్లేష్ చున్నీ సర్దుకుని, "నహీ దీదీ," అని ఒక్క మాటంది. దయావతి ఆగలేదు. నీవల్లే మూగజీవానికి కోత పడుతోందంది. కమ్లేష్ ఆ మెట్టు మీద నుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, ఆ ఇంటికి మళ్లీ పనికి రాలేదు.

ఆ వారమే లడ్డూకి స్నానం చేయిస్తూ దయావతి తడి నేల మీద జారింది. మోకాలు బూరెలా పొంగింది. ఆ రాత్రి భోజనాల వేళ వంటింట్లో నిలబడలేక, అన్నీ బల్ల మీద పెట్టేసి సిలాసుకి ఎదురుగా కుర్చీలో కూలబడింది. పదిహేడేళ్ల కాపురంలో అతను తింటుంటే ఎదురుగా కూర్చున్నది బహుశా పెళ్లి భోజనాల్లోనే. మిగతా రోజులన్నీ అతను తింటాడు, ఆమె వేడివేడిగా ఇంకేదో తెస్తుంటుంది, అందరూ లేచాక మిగిలింది తింటుంది. అందుకే ఏడు వారాలూ ఆమె కంట పడనిది ఆ పూట పడింది. సిలాసు చూపు టీవీ మీద ఉంది. కుడి చెయ్యి మాత్రం కంచం అంచున మిగిలిన కోడికూర అన్నాన్ని గీకి, ముద్ద చేసి, బల్ల కిందికి దిగింది. లడ్డూ అప్పటికే అక్కడ నోరు తెరుచుకుని ఉన్నాడు.

"మీరు వాడికి పెడుతున్నారా?" అంది.

"ఏం పెట్టాను?" నిజంగానే ఆశ్చర్యపోయాడు సిలాసు.

"ఇప్పుడు పెట్టారుగా. రోజూ పెడుతున్నారా?"

"ఇది పెట్టడమేంటే! ఆఖరి ముద్ద. మా నాన్నా అంతే, ఆఖరి ముద్ద ఎప్పుడూ తినేవాడు కాదు, కుక్కకి పడేసేవాడు. దీన్ని కూడా పెట్టడం అంటారా?"

అతను అబద్ధం ఆడలేదు. అదే ఆమెను నిలువునా కోసింది. ఆ ఇంట్లో పెట్టడం అంటే కొనుక్కురావడం, కడగడం, ఉడికించడం, ముల్లు ఏరడం, గిన్నె తోమడం. అది ఆమె పని. అతని చేతిలోంచి ఏది పడినా అది పెట్టడం కిందికి రాదు, అందుకే దాని ఫలితం కూడా అతని కిందికి రాదు. కోపం రావాల్సిన చోట దయావతికి ముందు సిగ్గొచ్చింది. భర్తను అడిగింది, కమ్లేష్‌ను నిలదీసింది. భర్త తల ఎత్తకుండా అన్న మాట నమ్మేసింది, కమ్లేష్ కళ్లలోకి చూసి అన్న మాట నమ్మలేదు. చర్చివాళ్ల ముందు తను పడ్డ మాటనే ఇంకాస్త పదును పెట్టి తనకంటే కింద ఉన్న మనిషి మీద విసిరింది.

మర్నాడు డాక్టరుకి ఫోన్ చేసింది. దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు, మళ్లీ మొదటి రోజు నుంచి చేసి చూద్దాం, కానీ ఇదే ఆఖరి అవకాశం అంది డాక్టరు. ఎవరు పెట్టారని ఆమె అడిగితే తర్వాత చెప్తానంది దయావతి. పక్కనే ఉన్న సిలాసు అందుకున్నాడు. "పనిమనిషని చెప్పెయ్. ఎలాగూ మానేసింది కదా, ఇంకెవరూ పెట్టరని చెప్పు. నన్ను నలుగుర్లో నవ్వులపాలు చెయ్యకు."

ఆదివారం ఆరాధనకి వెళ్లకుండా కుంటుకుంటూ కమ్లేష్ ఉండే కోండ్లీ బస్తీకి వెళ్లింది. కమ్లేష్ సందులో కుళాయి దగ్గర బట్టలు జాడిస్తోంది. నువ్వు కాదు, మా ఆయన, నన్ను మాఫ్ చెయ్యమని దయావతి వచ్చిన హిందీలో చెప్పింది, చెప్తూ ఏడ్చింది. కమ్లేష్ చేతిలో బట్ట పిండి పక్కన పెట్టింది.

"దీదీ, గాలీ సీఢీ పే, మాఫీ గలీ మే?" అంది. తిట్టింది మెట్ల మీద, క్షమాపణ సందులోనా? తడి చేతులు చున్నీకి తుడుచుకుని కమ్లేషే మళ్లీ, "లడ్డూ కా కాన్ కైసా హై?" అని వాడి చెవి ఎలా ఉందో అడిగింది.

కింది అంతస్తులో జానకీదేవి ఆంటీ ఇంట్లో పని కమ్లేష్ మానలేదు, సోమవారం ఎనిమిది ఆమె అక్కడికి వచ్చే వేళ. ఆమె గొంతు కింద వినిపించగానే దయావతి మోకాలు పట్టుకుని రెండు మెట్లు దిగింది. ఆంటీ తలుపులో ఉంది. ఎదురింటివాళ్లు స్కూలు వ్యానుకోసం పిల్లను తీసుకుని బయటికొచ్చారు. ఆ రోజు ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగానే చెప్పింది. "కమ్లేష్‌జీ నే కుఛ్ నహీ ఖిలాయా థా. మేరే పతి ఖిలా రహే థే. మైనే ఝూఠా ఇల్జామ్ లగాయా." కమ్లేష్ ఏమీ పెట్టలేదు, పెట్టింది మా ఆయన, నేను అబద్ధపు నింద వేశాను, అని.

కమ్లేష్ తల ఒకసారి ఆడించి ఆంటీ ఇంట్లోకి వెళ్లింది. వెనక గుమ్మంలో ఆఫీసు బ్యాగుతో సిలాసు, మొహం కందగడ్డలా చేసుకుని, పళ్ల మధ్య నుంచి తెలుగులో అన్నాడు. "నలుగుర్లో ఏంటిది? లోపలికి రా."

"నాకు డ్యూటీ టైమయింది," అంది దయావతి. "చేప పొయ్యి మీదుంది. ముల్లు ఏరి వాడికి మీరు పెట్టండి."