బూటులో మట్టిగూడు

కుశస్థలి ఏరు పొంగి పళ్లిపట్టు దోవలో నేలవంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు, అరవవాళ్ల ఆడినెలలో జరిగింది ఇది.

నా కొడుకు కూతురు మనస్వి పరుగు పందేల పిల్ల. తిరువళ్లూరులో జిల్లా పోటీ దగ్గరపడింది. గెలిస్తే ఆటల హాస్టల్లో సీటు. సరిగ్గా అప్పుడే ఎడమ మడమ వెనక పట్టేసింది.

ఆ నొప్పి నాకు వింతగా తోచింది. నిద్ర లేవగానే కుంటేది. కాసేపు నడిస్తే సర్దుకునేది. పరుగెత్తి వచ్చి కూర్చుని లేస్తే మళ్లీ కుంటేది. ఎద్దుకు కాలు నొస్తే తిరిగేకొద్దీ ఎక్కువవుతుంది. ఇదేం నొప్పి, కదిలితే పోతుంది, కూర్చుంటే వస్తుంది?

తిరువళ్లూరులో ఫిజియోథెరపీ చేసే షర్మిలమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మనస్విని మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబెట్టి, మడమను మెల్లగా కిందికి దించమంది.

“నొప్పి ఉండే కాలితోనే పని చేయిస్తారా?” అన్నాను.

“ఇది అకిలిస్ టెండన్ అయ్యా. పిక్కను మడమకు కట్టే తాడు. ఊరికే పడుకోబెడితే బలం పోతాది. మెల్లమెల్లగా బరువు మోపితేనే గట్టిపడేది.” మనస్వి వైపు తిరిగింది. “ఏమన్నా మార్చినావా పాపా? బూట్లా? మడమ ఎత్తు మారినా ఈ తాడు ఎక్కువ సాగతాది.”

“ఏం లేదక్కా.”

“కారణం తెలీకపోతే ఈ పోటీ మర్చిపోవాల్సిందే.”

మనస్వి నేల చూసింది. నేను దాని అరికాళ్లు చూశాను. పగుళ్లలో తారు నలుపు.

ఇంటికొచ్చి బూట్లు వెతికాను. వడ్లగోతాల వెనక ఉన్నాయి. లోపల చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. కందిరీగ కట్టిన మట్టిగూడు.

“ఏమ్మే, కందిరీగకు బాడిగకిచ్చినావా?”

నవ్వబోయి ఏడ్చింది. “తిరుత్తణి సామికి మొక్కుకున్నా తాతా. ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తేదాకా కాలికి ఏమీ తొడగనని. గెలవాలనే.”

“తారురోడ్డు మింద వట్టికాళ్లతోనా పరిగెత్తింది? ఆయమ్మకు చెప్పుంటే ఏం?”

“మొక్కు బయట చెబితే పలకదంట.”

“నాకు చెప్పేసినావే!”

“నువ్వు ఎవురితో మాట్లాడినావు గనక? నీకు చెబితే గోడకు చెప్పినట్టే.” కళ్లు తుడుచుకుంది. “మొక్కు నడాన వదిలేస్తే సామి ఊరుకుంటాడా?”

మా ఇళ్లలో జ్వరం వచ్చినవాడి కావడి అన్నో మామో ఎత్తుతాడు. మొక్కు ఇంటిది, భుజం ఎవరిదైనా సరే. ఆ మాటే చెప్పాను.

“కావడి సరే. వట్టికాళ్లు కూడా మార్చుకోవచ్చా?”

“మార్చుకోకూడదని యాడ రాసుండాది?”

“నువ్వు చదివినావా?”

“మూడో తరగతి దాకా ఆ పాఠం రాలేదు.”

మరునాడు పొద్దున గూడు గీకేసి, బూట్లు దులిపి మనస్వి ముందు పెట్టాను. నా చెప్పులు వడ్లగోతాల వెనక్కి తోశాను. పొలానికి పోయేముందు, ఎవరూ చూడకుండా వాకిలి మెట్టు అంచున నిలబడి మడమ దించి చూశాను. పిక్క కింద తాడు బిగిసినట్టు లాగింది. రెండో కాలి మడమ కూడా దించాను.