మందతో ఒక ఫోటో

పెంచలప్రసాద్ వాకిట్లో ముక్కాలిపీట వేసుక్కూర్చుని, ఎదురుగా పడుకున్న వీధికుక్క కంటికి కెమెరా గురిపెట్టి బటన్ సగం నొక్కాడు. లెన్సు గుర్రుమంటూ ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది. కుక్క ఆవులించి, లేచి తన దారిన తాను పోయింది. తెర మీద ఆకుపచ్చ చదరం మాత్రం వెలగలేదు. దసరా వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఒకసారి బుద్ధిగా ఫోకస్ పట్టుకుంటుంది, పదిసార్లు మొండికేస్తుంది.

కెమెరా కొత్తది, మిర్రర్‌లెస్ అంటారు. నెల్లూరులో ఉద్యోగం చేసే కూతురు రాధిక పట్టుబట్టి కొనిపించింది. దానికి తగ్గ లెన్సు కొనాలంటే ఇంకో కెమెరా కొన్నంత పని. అందుకని చెడిపోయిన పాత కెమెరాకు వాడిన లెన్సునే, అదీ వేరే కంపెనీ వాళ్లది, మధ్యలో అడాప్టర్ అనే నల్లటి కడియం బిగించి దీనికి తగిలించాడు. కెమెరా చూడమంటుంది, లెన్సు చూస్తానంటుంది, మధ్యలో కడియం మాట కలవనివ్వదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది యవ్వారం.

ఆ పూజారిని మంచి చేసుకోవడానికి అతను చేయని పని లేదు. యూట్యూబ్‌లో ఎవరో చెబితే కెమెరాలో సాఫ్ట్‌వేర్ మార్చాడు. ఇంకెవరో చెబితే ఫోకస్ మధ్య చుక్కకు కట్టేశాడు. ఈ పొద్దున కుక్క కోసమని జంతువుల కన్ను పట్టే సెట్టింగు కూడా పెట్టి చూశాడు. అన్నీ విని, ఆడలేక మద్దెల ఓడన్నాడంట ఎవరో అని భార్య రేణుకాదేవి ఉప్మా పళ్లెం చేతికిచ్చి వెళ్లింది.

ఆత్మకూరు నుంచి మర్రిపాడు దాకా, ఇటు ఉదయగిరి దాకా, ప్రసాద్ తీసిన ఫోటో లేని గోడ తక్కువ. తలంబ్రాలు, చెవులు కుట్టడాలు, కొత్త ట్రాక్టరుకు నిమ్మకాయలు తొక్కించడాలు. ఏ ఫోటో కిందా అతని పేరుండదు. ఎవరింటికైనా భోజనానికి వెళితే గోడవంక చూసి, ఇది మనం తీసిందే అని లోపల్లోపల అనుకుని ఇంకో ముద్ద ఎక్కువ తింటాడు, అంతే. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ డ్రోన్లున్న కుర్రాళ్లు పట్టుకుపోతున్నారు. దానికతనేం కుమిలిపోలేదు. తెల్లవారుజాము ముహూర్తాలతో ముప్పయ్యేళ్లు నిద్ర చెడగొట్టుకున్నవాడికి ఇప్పుడు కంటినిండా నిద్ర దొరుకుతోంది.

ఈరోజు పని మటుకు వేరు. మర్రిపాడు దగ్గర పల్లెలో గొర్రెల కాపరి నారాయణయ్య జీవాలను అమ్మేశాడు. మోకాళ్లు కొండ ఎక్కనివ్వడం లేదు, మేపడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. బేరగాడి లారీ ఈరోజే వస్తుంది. పోయిన వారం నారాయణయ్య ప్రసాద్ ఫోటో షాపుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, తీరా లేచి వెళ్లబోతూ అడిగాడు.

"గోడకి ఏసేదానికి నా ఫోటో ఒకటుండాది ప్రసాదూ, నువ్వు తీసిందే. నేను పోతే దానికి దండేస్తారు. ఇప్పుడు నాకు కావాల్సింది జీవాలతో. అవి లారీ ఎక్కినాయంటే మళ్లీ నేనడిగినా రావు."

ఆ మాట ప్రసాద్ వారమంతా మరవలేదు. పెళ్లిలో తాళి కట్టే ఫోటో చెడిపోతే ఇంకోసారి పట్టుకోమని వరుడిని బతిమాలిన రోజులున్నాయి. లారీని, గొర్రెలని ఎవరు బతిమాలగలరు? ఉప్మా సగంలో వదిలేసి మోపెడ్ ఎక్కాడు.

అతను వెళ్లేసరికి దొడ్డి ముందు మంద సిద్ధంగా ఉంది. నారాయణయ్య ఉతికిన పంచె కట్టి, తలపాగా కొత్తగా చుట్టి, మందకు ముందు నడిచే నల్లమూతి పొట్టేలు వెనకగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ప్రసాద్ మోకాలి మీద కూర్చుని నొక్కాడు. లెన్సు ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది. చేత్తో తిప్పి చూద్దామంటే ఆ లెన్సు రింగు ఎప్పుడో బిగుసుకుపోయింది. పొట్టేలు విసుగెత్తి తల తిప్పింది. దూరంగా లారీ హారన్ వినిపించింది.

సిగ్గు విడిచి నెల్లూరులో కెమెరాలు బాగుచేసే సురేంద్రబాబుకు ఫోన్ చేశాడు. అతను అన్నీ ఓపిగ్గా విని, అడాప్టర్ విప్పి వెలుతురులో పెట్టి, లోపలి అంచున బంగారు రంగు చుక్కలు వరసగా ఉంటాయి, కెమెరాకు లెన్సుకు మాట కలిసేది వాటి మీదుగానే, అవి శుభ్రంగా ఉన్నాయా చూడమన్నాడు. ప్రసాద్ విప్పి చూశాడు. చుక్కలు కనబడితే కదా. వాటి మీద పసుపుపచ్చగా గంధం ఎండి పొరకట్టింది, దాని నడిమధ్య ఎర్రగా కుంకుమ.

ఆయుధపూజ గుర్తొచ్చింది. అమ్మవారి ముందు పీట మీద కెమెరాను, లెన్సును, అడాప్టర్‌ను దేనికది విప్పి పెట్టింది తనే. విడివిడిగా పెడితే ముక్కముక్కకూ పూజ అందుతుందనుకున్నాడు. రేణుకాదేవి కెమెరా నుదుట బొట్టు పెట్టింది, లెన్సు మూతకు పెట్టింది. కడియానికి ముందేదో వెనకేదో తెలియక, మెరుస్తున్న చోట పెట్టింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను యూట్యూబంతా వెతికాడు.

"అన్నా, ఈ జబ్బు జపానోడి పుస్తకంలో రాసుండడులే" అని సురేంద్రబాబు నవ్వాడు. "స్పిరిట్ ఉంటే గుడ్డతో మెల్లిగా తుడువు. గోకబాకు."

గొర్రెలకు సూది వేసేటప్పుడు తుడిచే స్పిరిట్ సీసా ఆ ఇంట్లో ఉండనే ఉంది. నారాయణయ్య భార్య ఆదిశేషమ్మ తెచ్చిచ్చింది. కళ్లద్దాల గుడ్డ తడిపి ప్రసాద్ తుడుస్తుంటే, ఆమె అమ్మవారి బొట్టు తుడుస్తున్నావని చెంపలేసుకుంది. అతను కూడా ఒకసారి వేసుకుని మళ్లీ తుడిచాడు. తడి ఆరనిచ్చి, అన్నీ బిగించి కంటికి ఆనించాడు. ఆకుపచ్చ చదరం టక్కున వెలిగింది. నారాయణయ్య ముఖం మీద కాదు, పొట్టేలు కంటి మీద. కుక్క కోసం పెట్టిన సెట్టింగు మార్చనే లేదు. అప్పటికే లారీ వచ్చి వెనక తలుపు దించుతోంది, ఆ చప్పుడుకు మంద బెదురుతోంది. ఇక ఆలోచించకుండా నొక్కేశాడు.

తెర మీద చూస్తే పొట్టేలు కంటి రెప్పవెంట్రుక కూడా లెక్కపెట్టేటట్టుంది. దాని వెనక నారాయణయ్య కాస్త మసక, అతని వెనక మంద మరింత మసక. ఇంకొకటి తీస్తానని ప్రసాద్ అన్నాడు. నారాయణయ్య కెమెరా దగ్గరికి వంగి, తెరకేసి చూశాడు.

"నేను మసగ్గా ఉంటే ఏముండాదిలే. ముందర నడిచింది అదే గదా. దాని ఎనక పోయినోణ్ణే నేను." అతని ముఖం విప్పారింది. "బాగొచ్చినాది. ఇదే పెద్దది చెయ్యి."

ప్రసాద్ ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్లలో తన ఫోటో చూసి బాగుందన్నవాళ్లు లేకపోలేదు, కానీ ఏం బాగుందో చెప్పినవాళ్లు లేరు.

లారీవాళ్లు అదిలించినా గొర్రెలు లారీకి ఆనించిన చెక్క పలక ఎక్కలేదు. చివరికి నారాయణయ్యే, మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ, తాను ముందు ఎక్కాడు. నాలుక మీద ట్రుర్ర్ ట్రుర్ర్ అన్నాడు. పొట్టేలు ఎక్కింది, దాని వెనక మందంతా ఎక్కింది. వాటి మధ్య నుంచి ఒక్కొక్కదాని వీపూ నిమురుకుంటూ అతను దిగి వచ్చాడు. తలుపు వేశారు. లారీ బద్వేలు రోడ్డెక్కి, దుమ్ము అణిగేలోపే కనబడకుండా పోయింది. ఎవరూ ఏడవలేదు.

ఆదిశేషమ్మ ఇద్దరికీ సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి పెట్టింది. నారాయణయ్య మారడిగి పెట్టించుకున్నాడు, రేపటి నుంచి పొద్దెక్కేదాకా పడుకుంటానని చెప్పాడు. నిద్ర ఎంత బాగుంటుందో ప్రసాద్ అనుభవం మీద చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూనే నారాయణయ్య గోడకానుకుని కన్నుమూశాడేమో అన్నంత నెమ్మదిగా నిద్రలోకి జారాడు. గురక వినబడ్డాక ప్రసాద్ కుదుటపడి, చప్పుడు చేయకుండా లేచాడు.

మోపెడ్ దొడ్డి పక్కనే ఉంది. తీయబోతూ లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు. అదెవరు కట్టారని ఆదిశేషమ్మను గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయనే. తెల్లారకముందే పోయి కొట్టుకొచ్చినాడు, జీవాల్ని బయటికి తోలి ఊడ్చినాక కట్టినాడు. ఈపొద్దు ఎవరికయ్యా అంటే, చేతులు ఊరుకోవే అన్నాడు."

ఊడ్చిన దొడ్డిలో, గుంజకు, గొర్రెపిల్లల మూతికి అందేటంత కిందుగా, పచ్చటి అవిసె కొమ్మల రొట్ట వేలాడుతోంది.